రెండో వరసలో మూడో బొమ్మ

శాలేమురాజు మాస్టారికి నేనొక మోసం చేశాను. తెర మీద కనిపించే యాప్ బొమ్మలు ఒకటి, లోపలున్న సరుకు మరొకటిగా ఉన్న ఫోను ఆయనకు అంటగట్టాను. అదెంత పెద్ద మోసమో తెలియాలంటే ముందు ఆయన పిచ్చి గురించి చెప్పాలి. ఫోనుతో పాటే పుట్టిన గడియారం, రేడియో, భూతద్దం, రికార్డరు ఆయనకున్న ప్రతి పరికరంలోనూ ఒకేలా, ఒకేచోట ఉండాలి. గడియారమైతే రెండో వరసలో మూడో బొమ్మే కావాలి. లేకపోతే ఆయనకు ముద్ద దిగదు.

అప్పట్లో నేను తెనాలిలో గిరీష్ సెల్ షాపులో పనిచేసేవాణ్ణి. డిగ్రీ సగంలో వదిలేసి, పాత పుస్తకాలు కిలోల లెక్కన కొని చదివి, లోకంలో ఒక్కడూ సరైనవాడు లేడని తేల్చుకున్న రోజులవి. నాకు ఫోన్లో పోట్లాడేవాళ్ళు ఉండేవారు గానీ మాట్లాడేవాళ్ళు లేరు. మాస్టారు ప్రతి సోమవారం గుడ్డసంచీతో వచ్చి, రెండు ఫోన్లు, ఒక ట్యాబు అద్దాల బల్ల మీద వరసగా పరిచేవారు.

"ఏంటయ్యా ఇది? అన్నదమ్ముల్లా ఉండాల్సినవి తలోదిక్కూ చూస్తన్నాయి!"

"కంపెనీలు వేరు మాస్టారూ."

"నా వేళ్ళు ఒకటే కదా!"

"పోనీ, నెట్‌లోంచి అన్నిట్లోకీ ఒకటే గడియారం దింపి పెడతానండి."

"దింపుకున్నవి అద్దెకొచ్చినవాళ్ళయ్యా. నాలుగు రోజులు పోయాక పాస్‌వర్డంటాయి, ప్రకటన చూడమంటాయి, అలుగుతాయి. పుట్టుకతో ఉన్నవే ఇంటివాళ్ళు."

ఆయన ముప్ఫై ఒక్క ఏళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. మిషను మీటల మీద గుడ్డ కప్పి నేర్పేవారు. తెనాలిలో నేర్చుకున్న పిల్ల బాపట్ల కోర్టులో కూర్చున్నా, రేపల్లె ఆఫీసులో కూర్చున్నా, ఎ అక్షరం ఎడమ చిటికెనవేలి కిందే ఉండేది. తల దించి చూసిందంటే మార్కు కట్. అలాంటి మనిషి చేతికి రోజుకో రూపం మార్చే ఫోన్లొచ్చి పడ్డాయి.

పిచ్చి ఫోన్లతో ఆగలేదు. ఆయన భార్య జ్యోత్స్నమ్మగారు ఒకసారి నాతో మొత్తుకున్నారు.

"మా ఇంట్లో ఉప్పు డబ్బా కూడా రెండో అరలో మూడోదే నాయనా. క్రిస్మస్‌కి దుమ్ము దులిపి పక్కకి పెట్టాను. ఈయన చూడకుండా చెయ్యి పెట్టి చారులో పంచదార పోశారు."

"మరి తప్పు ఎవరిదండీ?"

"ఇంకెవరిది, డబ్బాదంట!"

చర్చిలోనూ రెండో వరసలో మూడో కుర్చీ ఆయనది. ఓ ఆదివారం అందులో ఎవరో చుట్టాలు కూర్చుంటే ప్రసంగం అయ్యేదాకా నిలబడే ఉన్నారు. పాస్టరుగారు అది భక్తి అనుకుని మైకులో మెచ్చుకున్నారు. రేపల్లె రైల్లో రెండో పెట్టె, మూడో కిటికీ. అక్కడ ఎవరైనా ఉంటే, "జంపని దాకా మీరు, అక్కణ్ణించి నేను" అని బేరమాడేవారు.

కానీ ఆయన కళ్ళు మూసుకుని మాట్లాడుతుంటే మా షాపులో ఫ్యాను చప్పుడు కూడా దూరమైనట్టుండేది.

"ఒకరోజు వస్తదయ్యా. ఎవరి ఫోనైనా చేతిలోకి తీసుకో, సొంతింట్లో చీకట్లో నడిచినట్టే. తడుముకోనక్కర్లా. గడప ఎక్కడుందో కాలికి తెలిసినట్టు, గడియారం ఎక్కడుందో వేలికి తెలుస్తది."

ఆ మాటలకు నాకూ కాసేపు అలాంటి ఇల్లొకటి కళ్ళ ముందు కదిలేది. వెంటనే గిరీష్ చార్జరు తెమ్మని అరిచేవాడు.

డిసెంబరులో ఆయన తన పాత ఫోన్లలో ఒకటి చూపించి, అచ్చం అలాంటిదే ఇంకోటి కావాలన్నారు. ఆ రకం రావడం ఎప్పుడో ఆగిపోయింది. గిరీష్ నన్ను లోపలికి పిలిచి, "వేరే రకం ఫోనుకి పై బొమ్మలు మార్చి ఇచ్చెయ్ రా. ముసలాయనకేం తెలుస్తది" అన్నాడు. పది నిమిషాల పని. నా తెలివికి నేనే మురిసిపోయాను. మాస్టారు కళ్ళు మూసుకుని రెండో వరసలో మూడో బొమ్మ మీద వేలు పెట్టి నవ్వారు.

"లోపల కూడా చూసుకోండి" అన్నాను.

"నువ్వు చూశావుగా, చాలు."

నాలుగు రోజుల తర్వాత వచ్చారు. తిట్టలేదు. "రేపల్లె దాకా వస్తావా?" అన్నారంతే. రైల్లో మూడో కిటికీ నాకిచ్చారు. అప్పుడు నిజంగా భయం వేసింది. బయట మంచు. కోసిన చేలల్లో వరికుప్పలు ముసుగు తన్ని పడుకున్న మనుషుల్లా జరిగిపోతున్నాయి.

రేపల్లెలో నాగమ్మ అనే ఆవిడ ఇంటికి తీసుకెళ్ళారు. వారం కిందటే ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. నల్ల కళ్ళజోడు. మెడలో వేలాడే సంచీలో నేనమ్మిన ఫోను.

"మీరు చెప్పినట్టే నొక్కానండీ మాస్టారూ. రెండో వరస మూడోది, ఆనక కింద కుడిపక్కది. ఇంక ఆ మందు గంట మోగితే ఒట్టు!"

పాత రకం ఫోను గడియారంలో ఆ చోట నొక్కితే అలారం గంట మళ్ళీ మోగడానికి సిద్ధమవుతుంది. నేనిచ్చినదాంట్లో అక్కడే నొక్కితే పెట్టి ఉన్న గంట కాస్తా చెరిగిపోయింది. చుక్కలమందు వేళలు రెండు రోజులు తప్పి కన్ను ఎర్రబడింది. పొద్దున డాక్టరు చూసి గండం గడిచిందని, ఇంకో రెండ్రోజులైతే కన్ను దక్కేది కాదని అన్నాడట.

"ఈవిడకి చదువు రాదయ్యా," అన్నారు మాస్టారు మెల్లగా. "బాపట్లలో ఇద్దరికి, చుండూరులో ముగ్గురికి కూడా రాదు. ఏ అవసరమొచ్చినా నాకు ఫోన్ చేసి స్పీకర్లో పెడతారు. నా చేతిలో అచ్చం అదే ఫోను ఉంటది. కళ్ళు మూసుకుని, టైపు పాఠంలా, ఏ వరసలో ఏది నొక్కాలో చెప్తాను."

"అంటే వాళ్ళ ఫోన్లన్నీ..."

"నావే. నా దగ్గర ఉండవంతే."

బొమ్మలు మార్చింది నేనేనని నాగమ్మకు చెప్పేశాను. ఆవిడ నా వైపు తల తిప్పింది.

"నాకు కనబడేది ఒక కంటితోనే గదా బాబూ. నీ తప్పు కూడా సగమే కనబడతా ఉంది. కూర్చో, టీ తాగు."

వారం తిరిగి బాపట్లలో ఒక పాత సామాన్ల కొట్లో ఆ రకం ఫోను పట్టుకున్నాను. నేనే వెళ్ళి నాగమ్మకు ఇచ్చి, నా కళ్ళు మూసుకుని ప్రతి బొమ్మా నొక్కి చూశాను.

వేసవిలో విశాఖలో పని దొరికింది. స్టేషనుకు మాస్టారు వచ్చారు. "నీ ఫోన్ ఇలా ఇవ్వు" అని తీసుకుని, "ఛ, సంతలా ఉంది" అని గొణుగుతూ పది నిమిషాలు ఏదో సర్దారు. బండి కదిలే ముందు చేతిలో పెట్టారు. రెండో వరసలో మూడో బొమ్మగా ఆయన ముఖమే ఉంది, కళ్ళజోడు వంకరగా. నొక్కితే ఆయనకే ఫోను పోతుంది.

"గడియారం ఏదండీ?"

"పక్కకి జరిపాను."

ఉప్పు డబ్బా జరిగితే ఒప్పుకోని మనిషి! నేను నోరు తెరిచేలోగా బండి కదిలింది. ఆయన నాలుగడుగులు పక్కనే నడుస్తూ అన్నారు:

"నీకు టైముకి లేవడం కంటే ఎవరితోనైనా మాట్లాడ్డం అవసరమయ్యా. ఎప్పుడనిపిస్తే అప్పుడు నొక్కు. చూసి నొక్కావంటే మాత్రం మార్కు కట్!"