ప్రిస్సిల్లా కొట్టిన ఒకే ఒక్క గోల్

మెల్‌బోర్న్‌లోని ఆ యూనివర్సిటీ ఆడపిల్లల ఐస్ హాకీ జట్టు ఏడుగురితో, అద్దె హెల్మెట్లతో మొదలైంది. తర్వాత ఏటా కప్పు దానిదే. అంతటి జట్టులో, ఊరి చివర క్లైడ్ నార్త్‌లో ఉండే మన తెలుగమ్మాయి ప్రిస్సిల్లా ఎలా చేరిందయ్యా అంటే, యూనీలో మొదటివారం వాళ్ల టేబుల్ దగ్గర ఊరికే సాసేజ్ పెడుతున్నారని ఆగింది. ఒక చేత్తో తింటూ రెండో చేత్తో సంతకం పెట్టేసింది. తిండికి తిమ్మరాజు, పనికి పోతురాజు అని తర్వాత తనను తానే తిట్టుకునేది.

చెప్పొద్దూ, ముందుకు జారడం ఆర్నెల్లలో వచ్చింది గానీ ఆగడం మూడేళ్లకీ రాలేదు. అంచున ఉన్న గోడే ఆమెకు బ్రేకు. కెప్టెన్ హెలెనా ఆమెను బెంచీ దాటనిచ్చేది కాదు. "బెంచీ ఎగిరిపోకుండా కూర్చునేది నేనే" అని ప్రిస్సిల్లా జోకులేసేది.

ఆ జోకు ఇంట్లో మాత్రం వేసేది కాదు. ప్రాక్టీసు ఆదివారం పొద్దున్నే, చర్చీ అప్పుడే. తల్లి విక్టోరియా మొదట్లోనే తేల్చేసింది. "ఆడేదానివైతే వెళ్లు. బెంచీ మీద కూర్చోడానికైతే మన చర్చిలో బెంచీలు లేవా?"

దాంతో ప్రిస్సిల్లా మూడేళ్లూ తానూ ఆడుతున్నట్టు ఇంట్లో కోతలు కోసింది. ఏం చేస్తుంది పాపం! ఆ పిల్లల పక్కన కూర్చుని గొంతు చించుకోవడమంటే ఆమెకు ప్రాణం.

మూడో ఏడు ఫైనల్లో ఇద్దరికి దెబ్బలు తగిలాయి. స్కోరు సమానం. గతిలేక హెలెనా ఈమెను దింపింది. ఈమె జారింది, ఆగలేక గోల్ పక్కన బోర్లా పడింది. హెలెనా కొట్టిన పక్, అదే ఆ రబ్బరు బిళ్ల, ఈమె పిర్రకు తగిలి లోపలికి పోయింది. కప్పు మళ్లీ వాళ్లదే. చివర తగిలింది ఈమెకే కాబట్టి రికార్డులో గెలుపు గోల్ ప్రిస్సిల్లాది!

ఆ ఆదివారం ప్రాక్టీసు లేదు. చర్చిలో విక్టోరియా లేచి, "దేవుడు చేసిన మేలు గురించి మా అమ్మాయి సాక్ష్యం చెప్పుద్దండీ" అంది. సాక్ష్యంలో అబద్ధమాడితే ఇంకేమన్నా ఉందా! ప్రిస్సిల్లా మైకు అందుకుంది.

"నేను గోల్ కొట్టలా. ఆగడం రాక పడిపోయా. పక్ వచ్చి నా... వెనకాల తగిలింది. త్రీ ఇయర్స్ బెంచీ మీదే ఉన్నా. అమ్మకి అబద్ధం చెప్పా. ఐయామ్ సారీ, మమ్మీ."

"స్తోత్రం!" అన్నాడు ముందు వరసలో శౌరయ్య అంకుల్. "ఎంత తగ్గింపో, ఎంత వినయమో పిల్లకి!"

"తగ్గింపు కాదంకుల్, నిజం!" అందీమె. స్తోత్రాలు ఇంకా పెరిగాయి. విక్టోరియా మాత్రం హ్యాండ్‌బ్యాగులో కారు తాళాలు వెతుక్కుంటోంది.

కారులో తల్లి రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. ఇక హాకీకి నీళ్లొదులుకోవడమే అని ప్రిస్సిల్లా కళ్లు తుడుచుకుంది. ఇంటి ముందు ఇంజన్ ఆపి అప్పుడడిగింది తల్లి.

"ఆ బెంచీ చల్లగా ఉంటదా?"

"ఐస్ పక్కనే కదా మమ్మీ. చాలా."

పై ఆదివారం పొద్దున్న స్కేట్ల సంచి తెరిస్తే, పైన ఓ పాత బొంత మడిచి ఉంది.

"కింద పరుచుకుని కూర్చో" అంది విక్టోరియా, చర్చికి వెళ్లే చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ.