ఠాణాలో పట్టుచీరలు

ఆ రోజుల్లో మేడ్చల్‌లో ఎవరికి పట్టుచీర కావాలన్నా మా పెద్దమ్మ దుకాణానికి రావాల్సిందేనని నా నమ్మకం (డిగ్రీ తప్పి ఆమె దగ్గర పనికి కుదిరిన నాకు అంతకంటే పెద్ద లోకం తెలియదు మరి). మా ఆడవాళ్లకో అలవాటుంది. ర్యాకులో అచ్చం అలాంటి చీరే ఉన్నా, అద్దాల వెనక బొమ్మకు కట్టిందే కావాలంటారు. కాదనడం పెద్దమ్మకు రాదు. బతుకమ్మ ముందు గిరాకీలో ఒక మధ్యాహ్నానికల్లా బొమ్మల ఒంటి మీది చీరలన్నీ అమ్ముడుపోయాయి. వాటి మానం సంగతి మాకెవరికీ పట్టలేదు.

ఎవరో ఫొటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు, ఇంకెవరో ఫిర్యాదు చేశారు. పోలీసులొచ్చి, అశ్లీల వస్తువుల ప్రదర్శన అని పంచనామా రాసి, బొమ్మల చేతులు ఊడదీసి జీపెక్కించారు. వెనకాలే దుకాణం గది అద్దెకిచ్చిన మడిగె యజమాని వచ్చి, బూతు కేసు పడ్డ దుకాణం తన మడిగెలో ఉండడానికి వీల్లేదని, కేసు పోకపోతే ఖాళీ చేయాలని చెప్పి వెళ్లాడు. పెదనాయన పోయాక ఆ దుకాణమే ఆమెకు బతుకు. నేను ట్రయల్ రూములో దూరి ఏడ్చాను.

పెద్దమ్మ ఏడవలేదు. చీరల మూట నా నెత్తిన పెట్టి ఠాణాకు నడిపించింది. (సిగ్గుతో ముఖానికి చున్నీ ఎంత గట్టిగా చుట్టుకున్నానంటే, గడప తట్టుకుని ఎస్సై ముందు బోర్లా పడ్డాను.) ఆమె మాత్రం చుట్టాలింటికి వచ్చినంత నింపాదిగా నిలబడింది.

"సారూ, కేసు నీ ఇష్టం. గానీ ఆడరూపాలను గింతమంది మొగోళ్ల నడుమ గిట్ల నిలవెడితివి. జర చీరలు కట్టనియ్యి."

ఎస్సై తల దించుకుని సరేనన్నాడు. ఆమె చేతులు తగిలించి, కుచ్చిళ్లు పోసి, కొంగులకు పిన్నులు పెట్టేసరికి, మొగుళ్ల మీద ఫిర్యాదు చేయడానికొచ్చిన ఆడవాళ్లు ధర అడగడం మొదలుపెట్టారు.

"ఇవి ఇగ సర్కారు సొమ్ము, అమ్మరాదు. దుకాన్ల గిసోంటివే ఉన్నయ్, రాండ్రి," అంది పెద్దమ్మ.

బొమ్మలను ఆ చీరలతోనే కోర్టుకు తీసుకెళ్లారు. జడ్జిగారు కళ్లజోడు సవరించుకుని, ఇందులో అశ్లీలం ఎక్కడుందని అడిగారు. కేసు పోయింది, మడిగె దక్కింది. అంత గుండె దిటవు నేను మళ్లీ ఎవరిలోనూ చూడలేదు.

ఇప్పుడు అల్వాల్‌లో నాకూ ఒక చీరల దుకాణం ఉంది. నిన్న మున్సిపాలిటీ వాళ్లు బోర్డు చూడడానికి వస్తే, గిరాకీని వదిలేసి వెనక గదిలోకి పోయి పెద్దమ్మకు ఫోన్ చేశాను.

"ముందుగాల వాళ్లకు చాయ్ పొయ్యి, బిడ్డా. నేనొస్తున్న," అంది.

ముప్పై దాటినా, ఆమె బస్సు దిగేదాకా గది దాటి రాని నన్ను చూసుకుంటే నాకే నవ్వొచ్చింది.