పోలీసు మీద చెప్పిన మాట

అరబ్బు దేశంలో, రుమైథియా అనే పేటలో నేను పనిచేసే ఇంట్లో పెద్ద మామాను చూసుకోవడమే నా పని. మామా అంటే ఇంటి యజమానురాలు, ఆమె తల్లి పెద్ద మామా. మోకాళ్లు పట్టేసి చక్రాల కుర్చీకే పరిమితమైనా ఆ ఇంట్లో ఆమె మాటకు తిరుగులేదు. మాది రాయచోటి వైపు. నాకు వచ్చిన అరబ్బీ అంతా వంటింటి అరబ్బీ. ఉప్పు, నీళ్లు, మందు, రా, పో. పోలీసు స్టేషన్లో అది ఎందుకూ పనికిరాదని ఒక శుక్రవారం తెలిసింది.

ఆ రోజు సెలవు. రిగ్గైలో ఉండే మా చిన్నమ్మ కూతుర్ని చూసి, తిరిగి రావడానికి బస్టాపులో నిలబడ్డాను. పోలీసు వాళ్లు అందరి బతాకాలు, అంటే గుర్తింపు కార్డులు, చూస్తున్నారు. నా కార్డు ఇంట్లో ఉండిపోయింది. కానీ దాని కాపీ ఫోన్లో ఉందని ధైర్యం. దాన్ని తెరవబోతుంటే ఒక పోలీసు విసురుగా ఫోన్ లాక్కున్నాడు. అది జారి రోడ్డు మీద పడి, అద్దం పగిలి, నల్లగా అయిపోయింది. వంగి తీసుకోబోతే భుజం పట్టి వెనక్కి తోశాడు. నేను బస్టాపు బెంచీకి తగిలి కింద పడ్డాను. మోచేయి గీరుకుపోయింది. తర్వాత నన్ను వ్యాన్ ఎక్కించారు.

స్టేషన్లో ఒక కాగితం ముందు పెట్టి వేలు పెట్టి చూపించారు, ఇక్కడ సంతకం చెయ్యమని. చుట్టూ అరబ్బీ, మధ్యమధ్యలో హిందీ. ఏడుపు తప్ప నాకు ఇంకేమీ రాలేదు. పెన్ను పట్టుకున్నాను.

అప్పుడే లోపలి గదిలోంచి ఒక అధికారి వచ్చాడు. నడివయసు మనిషి, చేతిలో టీ గ్లాసు. నా ముఖం చూసి, కాగితం చూసి, ఏ భాష అని అడిగాడు. "తెలుగు" అన్నాను. ఆయన నా చేతిలోంచి పెన్ను తీసి బల్ల మీద పెట్టేశాడు. తర్వాత వరండాలోకి వెళ్లి, అక్కడ కూర్చున్న వాళ్లను తెలుగు వచ్చిన వాళ్లెవరని గట్టిగా అడిగాడు.

ఒకాయన చెయ్యెత్తాడు. దజీజ్‌లోని ఒక గోడౌన్‌కు వ్యాన్ నడుపుతాడట, కోనసీమ మనిషి. తన బండి యాక్సిడెంట్ కాగితాల కోసం వచ్చి కూర్చున్నాడు. నా పక్కన కుర్చీ లాక్కుని, "కంగారు పడకమ్మా, మంచినీళ్లు తాగు ముందు. ఈ సారేమంటున్నారంటే, నీకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించకుండా నీ చేత సంతకం పెట్టించకూడదట. రూలంట. అందుకని నన్ను పిలిచారు" అన్నాడు.

అధికారి చదువుతుంటే ఆ కాగితంలో ఏముందో అతను ఒక్కో మాటా చెప్పాడు. పోలీసును చూడగానే నేను పారిపోబోయానట. ఆ కంగారులో పడ్డానట.

"నేను యాడికీ పరిగెత్తలేదన్నా!" అన్నాను. "ఫోన్ పెరుక్కున్నాడు, తోసినాడు. నేను నిలబడేవుండా."

అతను అదే అధికారికి అరబ్బీలో చెప్పాడు. అధికారి నా మోచేయి చూశాడు. ఆ కాగితం పక్కన పెట్టించి, నేను చెప్పింది మళ్లీ రాయించి, చదివి వినిపించమన్నాడు. అంతలో, స్టేషన్ నుంచి ఫోన్ వెళ్లడంతో, మామా నా కార్డు తీసుకుని వచ్చింది. పంపించే ముందు అధికారి అతనితో ఇంకో మాట చెప్పించాడు. ఫిర్యాదు చెయ్యాలనుకుంటే ఈ స్టేషన్లో కాదు, పోలీసుల మీద వచ్చే ఫిర్యాదులు వినే ఆఫీసు వేరే ఉంది, చేసినందుకు నీ ఇఖామాకు, అంటే ఇక్కడ ఉండే అనుమతికి, ఏ ఇబ్బందీ రాదు అని.

"చెప్పమ్మా, భయపడకు" అన్నాడు కోనసీమ అన్న. "కబురు చెయ్యి, మాట చెప్పడానికి నేనొస్తాను."

ఇంట్లో బాబా, అంటే మామా భర్త, ఒప్పుకోలేదు. "ఖలాస్, అయిపోయింది. పోలీసుతో మనకెందుకు?" అన్నాడు. నిజానికి నాకూ వదిలెయ్యాలనే ఉంది. తిరిగి మా ఊరికి పంపించేస్తారేమోనని భయం. పెద్ద మామా మాత్రం నా మోచేతికి మందు రాస్తూ, "పడేసిన వాడు మా ఇంటి మనిషిని పడేశాడు" అంది. ఆఫీసులు తెరిచే ఆదివారం పొద్దున్నే బురఖాలాంటి అబాయా వేసుకుని కుర్చీలో కూర్చుని, "యల్లా, పదండి" అంది. ఇంక మామా కారు తియ్యక తప్పలేదు.

ఆ ఆఫీసులో ఇద్దరు యూనిఫారంలో ఉన్నారు. మూడో ఆవిడ మామూలు బట్టల్లో ఉంది. ఆవిడ పోలీసు కాదట, ఇలాంటివి వినడానికి బయటి నుంచి కూర్చోబెట్టిన మనిషట. అడిగిందంతా ఆవిడే. కోనసీమ అన్న పని మానుకుని వచ్చి, నా మాటలు అటు, వాళ్ల మాటలు ఇటు చెప్పాడు. ఒకచోట నేను ఆగిపోతే ఆవిడ తొందరపెట్టలేదు. "నెమ్మదిగా చెప్పమనండి" అంది. పెద్ద మామా మధ్యలో కల్పించుకోబోతే ఆవిడే నవ్వి, "అమ్మా, ఆ అమ్మాయినే చెప్పనివ్వండి" అంది. నేనే చెప్పాను, మొదటినుంచి చివరిదాకా. బస్టాపులో నాతో నిలబడ్డ ఒక నేపాలీ అమ్మాయిని కూడా వాళ్లే వెతికి పిలిపించి అడిగారని తర్వాత తెలిసింది.

కొన్ని వారాలకు మళ్లీ పిలిచారు. ఆ పోలీసు అక్కడే ఉన్నాడు. నా వైపు సరిగా చూడలేక, "ఆసిఫ్" అన్నాడు. క్షమించమని. అతన్ని రోడ్డు డ్యూటీ నుంచి తీసేశారని, నా పేరు మీద రాసిన మొదటి కాగితం చెల్లదని తెలుగులోనే నాకు వినిపించారు. ఫోన్ మాత్రం బాగుపడలేదు. అందులోని మా పాప ఫోటోలు పోయాయి. అది ఇప్పటికీ బాధే.

అయినా ఆ రోజులు గుర్తొస్తే నాకు ముందు కోపం రాదు. టీ గ్లాసు పట్టుకుని వచ్చి పెన్ను పక్కన పెట్టిన అధికారి గుర్తొస్తాడు. తన పని ఆపుకుని కూర్చున్న కోనసీమ అన్న గుర్తొస్తాడు. రూలు అన్ని స్టేషన్లలో గోడ మీద ఉంటుందేమో నాకు తెలియదు. దాన్ని పాటించే మనిషి ఆ సాయంత్రం నాకు ఎదురుపడ్డాడు.

పెద్ద మామా ఇంటికి వచ్చిన చుట్టాలకు ఇప్పటికీ ఈ కథ చెబుతుంది. ఆమె చెప్పేదాంట్లో నేను అరబ్బీలో లాయరులా వాదించేశాను. చుట్టాలు నా వైపు ఆశ్చర్యంగా చూస్తారు. నేను కాఫీ కప్పులు అందిస్తూ తల ఊపుతాను.