గొంతు తగ్గించి చదివిన రిపోర్టు

చింతామణి నుంచి బాగేపల్లి వెళ్లే బస్సులో పక్క సీటు పెద్దామె ఆస్పత్రి రిపోర్టు నా చేతికిచ్చింది.

"ఇంగ్లీషులో ఉండాది, చదవప్పా. కోడలికి మూడుసార్లు కడుపు పోతే, మొగుడూ పెళ్లాలిద్దరి రక్తమూ పరీక్ష చేసినారు. దీన్ని పుట్టింటికి తోలేసి, నా కొడుక్కి వాళ్లక్క కూతుర్నే చేస్తాండాము."

కోడలు మా ముందు సీట్లోనే ఉంది. గొంతు తగ్గించి చెప్పాను.

"కోడలి క్రోమోజోములు సరిగ్గానే ఉన్నాయమ్మా. మీ అబ్బాయివే రెండు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఎవరిని చేసుకున్నా మళ్లీ ఇలాగే జరగొచ్చు."

ఆమె రిపోర్టు లాక్కుని, మడిచి రవికలో దోపుకుంది. ముందుకు వంగి కోడలి భుజం పొడిచింది.

"వింటివా? నీ రక్తంలోనే తప్పుందని ఈయప్ప కూడా చెప్తాండాడు."

ఆ పిల్ల వెనక్కి తిరిగింది.

"అవునా సార్?"

పరాయి ఇంటి గొడవ మనకెందుకని నేను కిటికీలోంచి బయటికి చూశాను.