అత్తగారు కుట్టిన విస్తర్లు

ఈ సాయంత్రం పక్కింటావిడ గోడ మీదుగా పిలిచి, ఆదివారం అహోబిలం పోయే వ్యానులో చోటుంది, పిల్లాణ్ని తీసుకుని రమ్మంది. చూస్తానని చెప్పి లోపలికి వచ్చేశాను. చూసేదేమీ లేదు, పోవాలనే ఉంది. కానీ అహోబిలం అనగానే నాకు కొండలూ, వాగూ, నరసింహస్వామీ కాదు, పులిసిన మజ్జిగ వాసన గుర్తొస్తుంది. పిల్లాడు నిద్రపోయాడు కనుక, ఆ సంగతి రాసిపెట్టుకుంటున్నాను.

అప్పట్లో కర్నూలు రాజధాని. రాజధాని అంటే పెద్ద పెద్ద భవనాలేమో అనుకునేరు. చాలా ఆఫీసులు డేరాల్లోనే ఉండేవి. ఎండాకాలం మా ఆయన సాయంత్రం ఇంటికొస్తే చొక్కా కాలర్ మీద ఉప్పు చారలు కట్టి ఉండేవి. ఆదివారం వస్తే చాప పరుచుకుని పడుకోవడం తప్ప మరొకటి ఎరగని మనిషి. అలాంటాయన ఆ వేసవిలో ఉన్నట్టుండి, “ఈ వారం సుంకేసుల పోదాం, ఆనకట్ట చూపిస్తా” అన్నాడు. పై వారం జగన్నాథగట్టు అన్నాడు. నాకు అనుమానం మొదలైంది అక్కడే. మగవాడు ఊరికే చల్లగాలి కోసం భార్యాబిడ్డల్ని తిప్పడు. తిప్పమని ఎవరో చెప్పి ఉండాలి.

చెప్పింది మా అత్తగారని తెలుసుకోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. మైదుకూరు నుంచి ఆవిడా, మా వదినా, అంటే మా ఆయన అక్కా, ఉగాది వెళ్లగానే దిగారు. వదినకు పెళ్లై చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. వస్తూ వస్తూ నా కొడుకు కోసం ఒక పెట్టెడు చొక్కాలు కుట్టి తెచ్చింది. వాడికప్పుడు పది నెలలు. వాడికంటే ముందు నాకొక ఆడపిల్ల పుట్టి, ఆరు నెలలకే జ్వరంతో పోయింది. ఆ పిల్ల సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. నేను మాత్రం వీడికి కాచిన నీళ్లు తప్ప పట్టేదాన్ని కాదు, ఎవరైనా ముద్దు పెట్టుకోబోతే మొహం పక్కకు తిప్పేదాన్ని. బి.ఎస్సీ. చదివిన పిల్లకు శుభ్రం ఎక్కువని అత్తగారు నలుగురిలో నవ్వేవారు.

ఆ షికార్లలో అత్తగారి పని ఒకటే. ముందురోజు కూర్చుని ఈనెపుల్లలతో మోదుగాకు విస్తర్లు కుట్టేవారు, మాకు కావాల్సిన వాటికి మూడింతలు. చిత్రాన్నం, ఓళిగలు, పెరుగన్నం కూడా అలాగే. ఎక్కడ దిగినా దారిన పోయేవాళ్లను పిలిచి కూర్చోబెట్టేవారు. వడ్డిస్తూ ఒక్కొక్కరినీ విచారణ చేసేవారు. “ఏమ్మా, బిడ్డలెందరు నీకు? అందురూ బాగుండారా? ఒక్కరూ పోలేదు కదా?” పాపం, ఆ వచ్చినవాళ్లు ఓళిగ నోట్లో పెట్టుకుని తలలూపేవారు. ఇదంతా దత్తతకు సాక్షుల్ని వెతకడమేనని నేను తేల్చుకున్నాను. నా కొడుకును వదిన ఒళ్లో పెట్టేస్తారు, బిడ్డల తల్లులు నలుగురు చూశారంటే నాకిక నోరుండదు. నవ్వుకోవద్దు, మా నాయన వైపు చుట్టాల్లో ఇలాంటిది జరిగింది.

ఒకరోజు వంటింట్లోకి పోతూ గడప దగ్గర ఆగిపోయాను. అత్తగారి గొంతు: “అహోబిలంలో అయితే మేలు. స్వామి సన్నిధి. ముందే చెప్తే ఆ పిల్ల ఒప్పుకోదు.”

“శానా ఏడుస్తాదేమో మా” అంది వదిన.

“ఏడిస్తే ఏడవనీ. బిడ్డ దక్కల్లనా, వద్దా?”

నేను లోపలికి అడుగుపెట్టగానే ఇద్దరూ చింతపండు గురించి మాట్లాడటం మొదలుపెట్టారు.

ఆదివారం చీకటితోనే అద్దె కారులో బయలుదేరాం. నంద్యాల దాటాక తెల్లారింది, ఆళ్లగడ్డ దాటాక నల్లమల కనిపించింది. దారి పొడుగునా బిడ్డను ఒళ్లోంచి దించలేదు. వదిన చేతులు చాపినప్పుడల్లా వాడికి పాలివ్వాలన్నాను. “ఎన్ని పాలు తాగుతాడమ్మీ, దూడ కూడా అన్ని తాగదు” అంది ఆమె. నేను నవ్వలేదు.

దర్శనం అయ్యాక వాగు పక్కన చెట్ల కింద భోజనాలు. అత్తగారు మామూలుగానే యాత్రికుల్ని పోగుచేశారు. అందరూ తిని లేచాక మా ఆయన నా వైపు చూడకుండా, “పైన నీళ్లు దూకే చోటుంది, చూసొద్దాం రా. పిల్లాడు నిద్రపోతున్నాడు కదా, అమ్మ చూసుకుంటుంది” అన్నాడు. పెళ్లైన ఇన్నేళ్లలో ఆయన నాకేదైనా చూపిస్తానన్నది ఆ వేసవిలోనే. నాలుగు బండలు ఎక్కాను. వెనక్కి తిరిగి పరుగెత్తాను. ఆయన పిలుస్తూనే ఉన్నాడు.

చెట్టు కింద ఎంగిలి విస్తర్లన్నీ కుప్పగా ఉన్నాయి. నా కొడుకు ఒంటి మీద నూలుపోగు లేదు. అత్తగారు వాణ్ని ఆ కుప్ప మీద అటూ ఇటూ పొర్లిస్తున్నారు. వీపుకు మెతుకులు, జుట్టుకు మజ్జిగ. వాడు కిలకిలా నవ్వుతూ ఎవరో కొరికిన ఓళిగ ముక్కను నోట్లో పెట్టుకుంటున్నాడు. వదిన మాత్రం చాలా దూరంగా, వాగు అవతల ఒంటరిగా నిలబడి ఉంది.

“ఏం చేస్తున్నారు? వాణ్ని ఎవరికీ ఇవ్వను నేను!” అని అరిచాను.

అత్తగారు తలెత్తారు. “ఎవురికిచ్చేదే? ఎంగిలి పుల్లాకుల్లో పారేసినోణ్ని ఎవురెత్తుకుపోతారు? యమునికైనా రోత పుట్టల్ల. నిండుగా బిడ్డలుండేటోళ్లు తిన్న ఆకులివి.” ఆవిడ ఇంకో విస్తరి లాగి వాడి మీద కప్పారు. “మొదటిదానికి చేద్దామనుకుంటి. చదువుకున్న పిల్ల నవ్వుతాదని ఊరకుంటి. పాయె కదమ్మీ అది.”

ఆ పిల్ల మాట ఆవిడ నోట వినడం అదే మొదటిసారి.

“ఎత్తుకో” అన్నారు. “నేనెత్తియ్యగూడదు. యాడనో ఎవురో పారేసినోడు దొరికినట్ల నువ్వే ఎత్తుకోవల్ల. పొద్దు మునిగేదాకా కడగాకు.”

“వదిన అక్కడెందుకుంది?” అన్నాను. నా అనుమానం ఇంకా చావలేదు.

వాగు అవతలి నుంచి వదినే జవాబిచ్చింది. “బిడ్డల్లేనిదాన్ని, ఇది చేసేటప్పుడు నా నీడ పడగూడదంటమ్మీ. నీ కొడుకు నీకే ఉండాడులే, ఎత్తుకో బిరీన!”

నేను చదివిన సైన్సంతా ఆ కుప్ప చుట్టూ ఈగలై తిరుగుతోంది. ఒక్క క్షణం కొంగు తడిపి వాడి నోరు తుడుద్దామనుకున్నాను. తుడవలేదు. వంగి, ఎవరి బిడ్డో అన్నట్టు అటూ ఇటూ చూసి ఎత్తుకున్నాను. కర్నూలు చేరేదాకా కారు నిండా పులిసిన మజ్జిగ వాసన. అత్తగారు ముందు సీట్లో హాయిగా గురక పెట్టారు. నేను వాడి నుదురు తాకి చూస్తూనే ఉన్నాను.

వాడికి జ్వరం రాలేదు. తర్వాత రాజధాని హైదరాబాదుకు పోయింది, డేరాలు ఎత్తేశారు, మా ఆయన ఆదివారాలు మళ్లీ చాప మీదికి చేరాయి. కొడుకు పలక పట్టుకున్నాడు. బంధువులు వచ్చి, ఎంత ఎదిగాడో అంటే మాత్రం నేను మాట మారుస్తాను. ఏళ్లు గడుస్తున్నాయని పైకి సంతోషించే ధైర్యం నాకింకా రాలేదు. ఎవరి కంటా పడకుండా, చప్పుడు చేయకుండా ఒక్కో ఏడూ మా గుమ్మం దాటిపోతే చాలు.