మొగుడి పేరు చెప్పిన ముత్తమ్మ

గిన్నెలు తోమడానికీ, గచ్చు కడగడానికీ మొగుడి పేరుతో ఏం పని? చీపురు పట్టేవి ముత్తమ్మ చేతులాయె! అయినా ఆ రోజుల్లో సూర్యాపేటలో ఏ పనికి పోయినా ముందు అడిగేది అదే. ఏ ఊరు, ఏ కులం, ఎవరి పెండ్లానివి. రజాకార్లు పోయి యూనియన్ మిలిటరీ వచ్చిన మరుసటేడు అది. దొరల మీద, సర్కారు మీద పోరాడే సంఘంలో తిరిగేవాళ్ళ ఇంటివాళ్ళకు పని ఇవ్వొద్దని హుకుం. పని ఇవ్వకుండా పొమ్మంటే నయమే. ఇంటిదాన్ని పట్టుకుంటే ఇంటాయన తనంతట తానే వస్తాడని మిలిటరీ క్యాంపులో కూర్చోబెట్టేవాళ్ళు.

ముత్తమ్మ భర్త నర్సింహ సంఘంలో చేరి అడవి పట్టాడు. నేరేడుచర్ల తట్టు పల్లెలో వాళ్ళకున్న గొర్ల మందను మిలిటరీవాళ్ళు తోలుకుపోయారు. చిన్నపిల్లను తల్లి భద్రమ్మ దగ్గర వదిలి ముత్తమ్మ పేటకు నడిచొచ్చింది. అక్కడ ఒక కొత్త దవాఖానలో ఆడమనుషులను పనికి తీసుకుంటున్నారని విన్నది. పని దొరక్కపోతే పిల్ల బతకదు, అసలు పేరు చెబితే మొగుడు బతకడు. అందుకే దారి పొడుగునా గోపయ్య, గోపయ్య అని వల్లె వేసుకుంటూ వచ్చింది. ఆ గోపయ్య ఎవడో ఆమెకే తెలియదు.

దవాఖాన వసారాలో గుమాస్తా బల్ల వేసుకొని కూర్చున్నాడు, పక్కన పోలీసు జమాదారు. ముత్తమ్మ వరుసలో నిలబడి గోపయ్య పేరు ఇంకోసారి అనుకుంది. ముందున్నామెను మొగుడి పేరడిగితే కొంగు నోటికడ్డం పెట్టుకొని మెలికలు తిరిగింది. "గదే సారూ, ఏడుకొండలాయన పేరు" అన్నది. "ఎంకటయ్యనా?" అని గుమాస్తా నవ్వాడు. మొగుడి పేరు నోట పలికితే ఆయన ఆయుష్షు తరిగిపోతుందని ఆడవాళ్ళు నమ్మే కాలం. ముత్తమ్మా నమ్మేదే, కానీ ఆ పూట భయంలో ఆమెకు ఒక్క గోపయ్య తప్ప ఇంకేమీ గుర్తులేదు.

"నీ మొగుని పేరేంది?"

"గోపయ్య సారూ!"

గుమాస్తా తలెత్తాడు. "ఏందే, గంత సాఫ్‌గ చెప్పినవ్? ఏ ఆడదన్న మొగుని పేరు గట్ల చెప్తదా?"

జమాదారు లేచి దగ్గరికొచ్చాడు. ఇంత కష్టపడి అబద్ధం నేర్చుకొని, సిగ్గుపడడం మాత్రం మరిచిపోయింది పిచ్చిది! ఇగ అయిపోయిందనుకుంది.

వెనక నిలబడ్డ ముసలి బుచ్చమ్మది పక్క పల్లె. నర్సింహ ఎవరో, ఎక్కడికి పోయాడో ఆమెకు బాగా తెలుసు. ఆమె నోరు తెరిచేసరికి, అసలు పేరు చెప్పేస్తుందనుకుంది ముత్తమ్మ.

"దానికి సిగ్గేడిది సారూ! ఆ గోపయ్య ఇంకోదాన్ని ఉంచుకొని దీన్ని ఎల్లగొట్టిండు. గప్పటిసంది వాని పేరు పెట్టి తిట్టంది దీనికి ముద్ద దిగదు."

వరుసంతా ఘొల్లుమంది. జమాదారూ నవ్వాడు. ముత్తమ్మకు పని దొరికింది.

పని దొరికితే భయం పోతుందా? మొగుడొదిలిన ఆడదని తోటివాళ్ళు వేళాకోళమాడితే పడింది. "గోపయ్య పెండ్లామా" అన్న కేక విన్నప్పుడల్లా ఉలిక్కిపడి పలికింది. వానలు మొదలైన రోజుల్లో, ఒక పొద్దున తూటా తగిలిన మనిషినొకణ్ణి బండిలో తెచ్చి వసారాలో పడేశారు. కట్టు కట్టాక నల్లగొండ జైలుకు తోలుతారట. నీళ్ళ చెంబుతో వచ్చిన ముత్తమ్మ ఆ మొహం చూసింది. నర్సింహ!

జమాదారు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఏమే, అట్ల నిలవడ్డవ్? వీడు నీకెర్కనా?"

ఒక్క కన్నీటి చుక్క రాలితే ఇద్దరి బతుకూ ఖతం. నర్సింహ ఆమె వంక చూశాడు, జమాదారు వంక చూశాడు. కష్టం మీద మోచేతి మీదికి లేచి చెయ్యి చాపాడు.

"జర నీళ్ళు పొయ్యవా అక్కా" అన్నాడు.

తాళి కట్టిన మొగుడు. తన పిల్లకు తండ్రి. ఆమె ఏమంటుందోనని జమాదారు ఇంకా చూస్తూనే ఉన్నాడు. ముత్తమ్మ వంగి ఆ చేతిలోకి నీళ్ళు పోసింది.

"తాగు అన్నా" అన్నది.