చించి దాచిన ఏడు పేజీలు

బాగేపల్లి బస్టాండు వెనక సందులో ఒక టైలరు అంగడి ఉంది. బోర్డు లేదు. మంజు అంగడి ఎక్కడంటే ఎవరైనా చూపిస్తారు. ఆ మంజు గురించి రాయాలని కూర్చున్నాను. నిజానికి నా గురించే రాసుకోవాలి, ఆ ధైర్యం చాలక మంజును అడ్డం పెట్టుకుంటున్నాను. నా పేరు సీనప్ప. మాది ఆ పక్కనే చాకవేలు, కర్ణాటక ఊరే. ముప్పై ఏళ్ళు హైస్కూలు పిల్లలకు కన్నడ పాఠం చెప్పి రిటైరయ్యాను. ఇంట్లో మాట్లాడేది తెలుగు కాబట్టి నాటకాలు తెలుగులో రాస్తాను. ఏటా వినాయక చవితికి మా ఊరి మైదానంలో నా నాటకం ఉంటుంది. చుట్టుపక్కల నాలుగూళ్ళలో నాటకం రాసేది నేనొక్కడినేనని నాకు పొగరు. అది ఎట్లా దిగిందో చెబుతాను.

మంజుకు నలభై దాటాయి. ఒకరోజు పంచె, చొక్కా. ఒకరోజు నూలు చీర. ఇంకోరోజు ప్యాంటూ చొక్కా వేసి చేతులకు గాజులు, నుదుట బొట్టు. మొదట్లో సందులో పిల్లకాయలు వెంటపడి అరిచేవాళ్ళు. తర్వాత వాళ్ళ స్కూలు నిక్కర్లు అక్కడే కుట్టించుకోవాల్సి వచ్చి నోరు మూసుకున్నారు. కొందరు మంజన్న అంటారు, కొందరు మంజక్క అంటారు, మంజు రెండింటికీ పలుకుతారు. ఒకసారి ఎవరో పెద్దాయన "ఇంతకీ నువ్వు ఆడా, మగా?" అని నలుగురిలో అడిగితే, "పొద్దున లేసినప్పుడు ఎట్లనిపిస్తే అట్లుంటాను లేప్పా. నీ చొక్కాకు గుండీలు ఐదా, ఆరా, అది చెప్పు" అన్నారు. నేనక్కడే ఉన్నాను. పగలబడి నవ్వి, ఇంటికెళ్ళి ఆ మాటను నోటుబుక్కులో రాసుకున్నాను.

తొమ్మిదేళ్ళుగా నా నాటకాలకు బట్టలు కుట్టేది మంజే. నాటకం మొత్తం చదవందే కత్తెర పట్టరు. "ఆ మనిషి ఎట్ల కూర్చుంటాడో, ఎట్ల లేస్తాడో తెలీకుండా గుడ్డ యాడ కోసేది, మేష్ట్రే?" అనేవారు. ఒక నాటకంలో నా సావుకారు మూడో అంకంలో కూతురి ముందు కూలబడతాడు. పంచె ఊడిపోకుండా ముందే నడుముకు పట్టీ కుట్టి పంపారు. ఇంకోసారి "మీ చెన్నమ్మ రెండో సీనులో పాలు పిండుతాది కదా, పొడుగు చేతుల జాకెట్టు రాసినారే?" అని నన్ను దులిపేశారు. నా పాత్రలు నాకంటే మంజుకే ఎక్కువ తెలుసు. ఆట రోజు తెర వెనక ముక్కాలిపీట మీద సూదీ దారం పట్టుకుని కూర్చునేదీ మంజే.

పోయిన ఏడాది నాటకం రాస్తుంటే మధ్యలో నవ్వు తగ్గిందనిపించింది. నా బుద్ధి గడ్డి తినింది. ఒక పాత్రను పెట్టాను. ఒక సీనులో చీర, ఒక సీనులో ప్యాంటు, మెడలో టేపు, ఒళ్ళంతా తిప్పుకుంటూ నడక. వచ్చిన ప్రతిసారీ "ఎట్లనిపిస్తే అట్లుంటాను లేప్పా" అనడం, మిగతావాళ్ళు ఎగతాళి చేసి తరమడం. చివర్లో పెళ్ళి చేసి దారికి తెచ్చేస్తారు. చవితి కమిటీ వాళ్ళ ముందు చదివితే పడీ పడీ నవ్వారు. మంజు గుర్తొచ్చారు. అయినా తీసెయ్యలేదు.

బట్టలకు వేళయింది. మంజు చదువుతారు కదా! ఆ పాత్ర ఉన్న ఏడు పేజీలు చించి బ్యాగులో దాచుకున్నాను. అరవై రెండేళ్ళ మనిషిని, కాపీ కొట్టిన పిల్లల చెవులు మెలిపెట్టినవాణ్ణి! "నడుమ కొన్ని పేజీలు ఇంకా రాయలేదు. చంద్రుకు మాత్రం ఒక చీర, జాకెట్టు కావల్ల. ధనవంతురాలి వేషం" అని అబద్ధమాడాను. మంజు పేజీలు తిప్పారు. పంతొమ్మిది తర్వాత ఇరవై ఏడు ఉంది. నా ముఖంలోకి ఒకసారి చూసి "సరే మేష్ట్రే" అన్నారు, అంతే.

చంద్రు మా ఊళ్ళో మొబైల్ అంగడి నడుపుతాడు. ఆ వేషం అతనిదే. కొలతకు వెళ్ళినవాడు, ఎదురుగా ఉన్నది ఎవరో కూడా మరిచిపోయి, హుషారుగా ఆ నడక నడిచి, ఆ మాట అని చూపించాడట. "మంజు ఏమన్యార్రా?" అని అడిగాను. "చెయ్యి పైకెత్తి ఇంకోసారి నడువు, సంక కాడ పట్టేస్తాండాది అన్యారు సార్" అన్నాడు. మంజుకు అంతా తెలిసిపోయింది. ఆటకు ఇంకా నాలుగు రోజులుంది. ఆ సీను తీసేస్తానంటే కమిటీ ఏమంటుందోనని నోరెత్తలేదు. పిరికివాణ్ణి.

ఆట రోజు సాయంత్రం మంజు రారనుకున్నాను. నీలం అంచు చీర కట్టుకుని వచ్చి, ఎప్పటిలాగే తెర వెనక కూర్చున్నారు. చంద్రు కనిపించగానే జనం ఈలలు వేశారు. తరిమే సీనులో ఎవడో కొంగు గట్టిగా లాగితే జాకెట్టు భుజం దగ్గర పిగిలింది. చంద్రు తెర వెనక్కి పరిగెత్తుకొచ్చాడు. మంజు లేచి, అతన్ని వెలుతురుకు తిప్పి, గబగబా ఆరు కుట్లు వేసి, పళ్ళతో దారం తెంపారు. "యాడికి పాయె ఆ రెండు రకాలది?" అని స్టేజీ మీద ఎవరో అరుస్తున్నారు. "అయిపాయె, పో అప్పా, జనం కాసుకోనుండారు" అని మంజు అతని వీపు తట్టి పంపారు. తననే వెక్కిరించడానికి పంపారు. నేను పక్కనే నిలబడి చూశాను. నా సిగ్గు ఏమని చెప్పను! అంత సిగ్గుపడీ, ఆట అయ్యాక శాలువా కప్పించుకోవడానికి స్టేజీ ఎక్కాను.

మర్నాడు ఆ ఏడు పేజీలు పట్టుకుని అంగడికి వెళ్ళాను. మంజు మిషన్ ఆపి అన్నీ నిదానంగా చదివారు. తిట్టినా బాగుండేది.

"ముందే ఇచ్చింటే ఇంకా బాగా కుట్టింటిని, మేష్ట్రే."

"తప్పయిపాయె మంజూ. ఆ పాత్రనే తీసేస్తాను."

"తీసేసేది ఎందుకు? మీ నాటకంలో నా అట్లాటోళ్ళు ఉండకూడదా?" మంజు ఆ పేజీలు నా ముందుకు తోశారు. "ఈ మనిషి ఐదుసార్లు వచ్చిపోతాది. ఒక్కసారన్నా యాడా కూర్చోలేదు. ఏం పని చేస్తాదో లేదు. ఇంట్లో ఎవరుండారో లేదు. ఆ పాత నాటకంలో సావుకారు ఎంత చెడ్డోడు, వానికి కూడా కన్నీళ్ళు రాసినారు కదా! తొమ్మిదేండ్లు ఈ స్టూలు మీద కూర్చొని కాఫీ తాగినారు. నా దగ్గర మీకు నడక ఒక్కటే దొరికిందా?"

మంజు ఇంట్లో ఎవరున్నారో నాకు నిజంగానే తెలియదు. ఎన్నడూ అడగలేదు.

చింతామణి టౌను వాళ్ళు ఆ నాటకం తమ ఊళ్ళో ఆడమని అడిగారు. ఉన్నదున్నట్టు ఆడనివ్వనన్నాను. కమిటీ వాళ్ళకు కోపమొచ్చింది, రానీ. ఈసారి మంజును అడిగి అడిగి రాశాను. తమ్ముడి కూతురు రక్షితను కాలేజీలో చదివిస్తున్నారట. చీర కట్టిన రోజు బస్సులో పక్క సీటు ఖాళీగానే ఉంటుందట. ఆ పాత్రకు ఒక పేరు పెట్టాను, చేతికి పని ఇచ్చాను, కూర్చోబెట్టి కడుపునిండా రాగిముద్ద తినిపించాను. పెళ్ళి సీను కొట్టేశాను. నాలుగు నెలలు పట్టింది. పోయిన సోమవారం పేజీలన్నీ వరుసగా మంజు చేతిలో పెట్టి, పరీక్ష రాసిన పిల్లాడిలా స్టూలు మీద కూర్చున్నాను. బాగుందంటారని ఆశ.

మంజు చదివారు. బల్ల మీది సుద్దముక్క తీసి ఒకచోట గీత గీసి, నా చేతికిచ్చారు.

"ఈడ ఇంకా నవ్వుతాండారు, మేష్ట్రే."

"ఎవరు? ఈ సీనులో అందరూ గమ్మునే ఉండారే!"

"మీరు."

కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. పాత్ర మొదటిసారి లోపలికి వచ్చేచోట నటుడి కోసం నేను రాసుకున్న వాక్యం అది. 'ఒళ్ళు తిప్పుకుంటూ ప్రవేశం.' అన్నీ మార్చాను, అది మాత్రం నాకు తెలియకుండానే మళ్ళీ దిగిపోయింది. తల ఎత్తేసరికి మంజు లేచి, అల్మారా దగ్గరికి వెళ్ళి ఎవరిదో చొక్కా తెస్తున్నారు. మామూలుగా నడుస్తున్నారు, పని తొందరలో ఉన్న ఏ మనిషైనా నడిచినట్టు. తొమ్మిదేళ్ళలో మంజు ఒక్కనాడు కూడా ఒళ్ళు తిప్పుకుంటూ నడవలేదు.